కర్పూరం చెట్టు ఉన్న ఇల్లు

మేం కొన్న ఇంటి ముందు కర్పూరం చెట్టు ఉంది. ఆ చెట్టు వాసనకే కారు ఆపాం. ఆ చెట్టు వేళ్ళ వల్లే చివరికి ఇంటి ధర పన్నెండు వేల డాలర్లు తగ్గింది. 2025 ఫిబ్రవరిలో వెతుకులాట మొదలుపెట్టిన రోజు నుంచి జులైలో తాళాలు చేతికొచ్చేదాకా ఏం జరిగిందో రాస్తున్నాను. ఆస్ట్రేలియాలో చిన్న ఊళ్ళలో మొదటి ఇల్లు కొనబోతున్న మనవాళ్ళకి ఇందులో ఒక్క ముక్క పనికొచ్చినా నాకు సంతోషమే.

మేం ఉండేది టువూంబాలో. క్వీన్స్‌లాండ్ రాష్ట్రం, బ్రిస్బేన్‌కి పడమరగా దాదాపు 125 కిలోమీటర్లు. గ్రేట్ డివైడింగ్ రేంజ్ కొండల అంచున, సముద్ర మట్టానికి 700 మీటర్ల ఎత్తున ఉంటుంది. బ్రిస్బేన్ నుంచి వచ్చేటప్పుడు చివర్లో ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే అరకు వెళ్తున్నట్టే ఉంటుంది, చెవులు దిబ్బడేస్తాయి. పైకి రాగానే ఎర్రమట్టి, చల్లగాలి, రోడ్డుకి రెండువైపులా చెట్లు. గార్డెన్ సిటీ అని పేరు. 1950లో మొదలైన పూల పండగ ఇప్పుడు ఏటా సెప్టెంబర్‌లో చేస్తున్నారు. మాది కడియం. నాన్నగారికి నర్సరీ ఉంది. మొక్కల మధ్య పుట్టి పెరిగినదాన్ని కాబట్టి మెల్‌బోర్న్ వెళ్దాం, సిడ్నీ వెళ్దాం అని మా ఆయన ఎన్నిసార్లు అన్నా నాకు ఈ ఊరు వదలబుద్ధి కాలేదు.

మా ఆయన 2017లో ఇక్కడి యూనివర్సిటీ ఆఫ్ సదరన్ క్వీన్స్‌లాండ్‌లో చదువుకోవడానికి వచ్చారు. తర్వాత 491 వీసా, అంటే ఇలాంటి చిన్న ఊళ్ళలో ఉండి పనిచేసేవాళ్ళకిచ్చే టెంపరరీ వీసా. మూడేళ్ళు ఆగి 2024లో 191 అనే వీసా కింద పీఆర్ (శాశ్వత నివాసం) వచ్చింది. నేను వృద్ధుల సంరక్షణ కేంద్రంలో నర్సుని. పాప ఒకటో తరగతి. ఈ వీసా సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఇల్లు కొనడంలో మొదటి గేటు అదే. 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 దాకా టెంపరరీ వీసా మీద ఉన్నవాళ్ళు ఇక్కడ పాత ఇళ్ళు కొనకూడదని కేంద్ర ప్రభుత్వం నిషేధం పెట్టింది. కొద్దిమందికే మినహాయింపు. 491 కూడా టెంపరరీ కిందకే వస్తుంది. మా స్నేహితులు ఒక జంట ఆ నెలలోనే ఇల్లు చూసుకుని, సంగతి తెలిసి ఆగిపోయారు. వాళ్ళ ముఖాలు నాకింకా గుర్తున్నాయి.

రెండో గేటు డబ్బు. ఇంటి ధరలో ఇరవై శాతం మన చేతిలో ఉంటే మంచిది. అంతకంటే తక్కువైతే బ్యాంకు సాధారణంగా ఎల్ఎమ్ఐ అని ఒక ఇన్సూరెన్స్ కట్టమంటుంది. దాని ప్రీమియం మనది, రక్షణ బ్యాంకుది. మేం ఏడేళ్ళు అద్దె ఇంట్లో సర్దుకుని లక్షా యాభై వేల డాలర్ల పైన కూడబెట్టాం. మనం వడ్డీ 6 శాతం కడతామన్నా, బ్యాంకు ఇంకో 3 శాతం కలిపి, 9 శాతం అయితే కట్టగలరా అని లెక్క చూస్తుంది. కాబట్టి మన లెక్కలో వచ్చే లోను కంటే వాళ్ళ లెక్కలో వచ్చేది ఎప్పుడూ తక్కువే. ఆ తేడాకి ముందే సిద్ధపడితే తర్వాత గుండె జారదు.

మూడోది మనవాళ్ళు ఎక్కువగా పట్టించుకోనిది. క్వీన్స్‌లాండ్‌లో మొదటి ఇల్లు కొనేవాళ్ళకి ట్రాన్స్‌ఫర్ డ్యూటీలో (మన స్టాంపు డ్యూటీ లాంటిది) రాయితీ ఉంది. 2024 జూన్ 9 నుంచి రాసుకున్న కాంట్రాక్టుల్లో 7 లక్షల డాలర్ల దాకా అసలు డ్యూటీ లేదు, అక్కణ్ణుంచి తగ్గుతూ 8 లక్షల దగ్గర రాయితీ అయిపోతుంది. కానీ ఆ మొదటి ఇల్లు అనే మాటకి అర్థం ప్రపంచంలో ఎక్కడా ఇల్లు లేకపోవడం. విజయవాడలోనో కూకట్‌పల్లిలోనో మన పేరు మీద ఒక ఫ్లాటు ఉన్నా, గతంలో ఉండి అమ్మేసినా, ఈ రాయితీ రాదు. 2019లో నాన్నగారు రాజమండ్రిలో ఒక ఫ్లాటు కొని నా పేరు మీద పెడతానన్నారు. ఎందుకో అప్పుడు కుదరక అమ్మ పేరు మీద పెట్టారు. సొలిసిటర్ (లాయరు) ముందు కూర్చుని ఆ డిక్లరేషన్ మీద సంతకం పెడుతున్నప్పుడు ఆ సంగతి తల్చుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

వెతకడం గురించి ఎక్కువ చెప్పను. శనివారం వస్తే ఓపెన్ హోమ్స్. ఒక్కో ఇల్లు అరగంట తెరిచి పెడతారు. గుమ్మం దగ్గర ఏజెంట్ మన పేరు, ఫోన్ నంబరు రాసుకుంటాడు, చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి చూసి రావాలి. ఫిబ్రవరిలో ఇక్కడి రిజర్వ్ బ్యాంక్ వడ్డీ 4.35 నుంచి 4.10కి తగ్గించింది, మే నెలలో 3.85కి. తగ్గిన ప్రతిసారీ గుమ్మం దగ్గర చెప్పుల వరస పెరిగేది. మొదట మాకు నచ్చిన ఇల్లు ఈస్ట్ క్రీక్ దగ్గర, ధర కూడా అందుబాటులోనే ఉంది. కౌన్సిల్ (ఇక్కడి మున్సిపాలిటీ) వెబ్‌సైట్‌లో వరద మ్యాపు తీసి చూస్తే పెరడు సగం నీలం రంగులో ఉంది. 2011 జనవరి 10న ఈ ఊళ్ళో గంట సేపట్లో వచ్చిన మెరుపు వరద కార్లని ఎత్తుకుపోయింది, మనుషులు చనిపోయారు. ఆ వాగులే ఇవి. ఇన్సూరెన్స్ కోట్ అడిగితే మామూలు ఇంటికి రెండున్నర రెట్లు చెప్పారు. వదిలేశాం. రెండోది నచ్చింది, ఆఫర్ పెట్టాం, మాకంటే ఎవరో ఎక్కువ పెట్టారు. పాప ఆ ఇంట్లో తన గది ఏదో కూడా చెప్పేసుకుంది. ఆ వారం ఇంట్లో ఎవరికీ సరిగా మాట్లాడాలనిపించలేదు.

మే నెల మూడో శనివారం రేంజ్‌విల్ వైపు వెళ్తున్నాం. ఊరికి తూర్పున, కొండ అంచుకి దగ్గరగా ఉండే పేట అది. వెడల్పు రోడ్లు, పాత చెట్లు, చెట్ల వెనక పాత ఇళ్ళు. ఒకచోట మూడు చెట్లు కలిసి రోడ్డుకి గొడుగు పట్టినట్టున్నాయి. అద్దం దించుకుని ఉన్నాను. నీడలోకి వెళ్ళగానే వాసన తగిలింది. మా ఆయన్ని ఆపమన్నాను. దిగి రాలిన ఆకు ఒకటి తీసి నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే హారతి కర్పూరం. మా ఆయనకి ఇచ్చాను, పాపకి ఇచ్చాను. పాప "గుడి" అంది. తలెత్తి చూస్తే ఆ చెట్టు వెనకే అమ్మకానికి అని బోర్డు.

ఈ ఊళ్ళో నీడ కోసం పాతకాలంలో వేసిన కర్పూరం చెట్లు చాలా వీధుల్లో ఉన్నాయి. చైనా, జపాన్ వైపు నుంచి వచ్చిన చెట్టు. పిట్టలు గింజలు తిని ఎక్కడపడితే అక్కడ వేస్తుంటే అడవిలా పెరిగిపోతోందని ఇప్పుడు క్వీన్స్‌లాండ్‌లో దీన్ని కలుపు మొక్కల జాబితాలో పెట్టారు. అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. నాన్నగారికి చెప్తే కాసేపు మాట్లాడలేదు. "దేవుడి ముందు వెలిగించేదాన్ని కలుపంటారా అమ్మా" అన్నారు. ఆయన నర్సరీలో ఆ మొక్కలు ఎంతో జాగ్రత్తగా పెంచుతారు.

ఇల్లు 1950ల నాటిది. నేల మీద కట్టింది కాదు, స్టంపుల మీద, అంటే పొట్టి స్తంభాల మీద నిలబెట్టిన చెక్క ఇల్లు. గోడలు చెక్క పలకలు, పైన రేకు కప్పు, ముందు వరండా, మూడు పడకగదులు, లోపల పాత గట్టి చెక్క నేల. స్థలం 809 చదరపు మీటర్లు. ఇక్కడి పాత కొలతలో 32 పెర్చెస్. నాన్నగారు గజాల్లో చెప్పమన్నారు, 968 అన్నాను. "అంటే ఇరవై సెంట్లు" అన్నారు వెంటనే. లెక్క వేసి చూస్తే సరిగ్గా ఇరవై సెంట్లే, ఎకరంలో ఐదో వంతు. ఆ మాటతో ఆయనకి ఆ స్థలం కళ్ళకి కట్టింది. అప్పటిదాకా అదొక ఫోటో.

వాస్తు సంగతి కూడా చెప్తాను, అందరూ అడుగుతారు కాబట్టి. వాకిలి తూర్పు, నాన్నగారికి ఇబ్బంది లేదు. అయితే ఇక్కడ ఇంకో లెక్క ఉంది. భూమధ్యరేఖకి ఈ కింద సూర్యుడు తూర్పునే పుట్టినా నడిచేది ఉత్తరం వైపుగా. అందుకే ఉత్తరం వైపు కిటికీలున్న గదులకి చలికాలం పొద్దస్తమానం ఎండ వస్తుంది. పడమర నుంచి వీచే చలిగాలి మా ఊళ్ళో ఎముకల్లోకి దిగుతుంది. ఈ ఇంటి హాలు ఉత్తరానికి ఉంది. మే నెలలో పదిన్నరకి ఆ చెక్క నేల మీద ఉత్తికాళ్ళతో నిలబడితే వెచ్చగా తగిలింది. అప్పుడే నా మనసు ఖాయం చేసుకుంది.

రెండోసారి చూడ్డానికి గురువారం ఏజెంట్ ఒప్పుకున్నాడు. ఇక్కడ పదిన్నర అంటే మనకి పొద్దున్న ఆరు. నాన్నగారు మొక్కలకి నీళ్ళు పెట్టించే వేళ. వీడియో కాల్ చేసి ఇల్లంతా తిప్పి చూపించాను. గదులు ఆయన పెద్దగా పట్టించుకోలేదు. "బాగుంది, బాగుంది, బయటికి రా" అన్నారు. బయట కెమీలియా మొక్కలు చూపించాను, కంచె చూపించాను. ముందు వైపు పచ్చిక మీదుగా నడుస్తుంటే "ఆగు. ఫోను కిందకి పెట్టు" అన్నారు. పెట్టాను. "ఇంకా కుడికి. అదిగో. అక్కడొక్కచోటే గడ్డి ఎందుకంత పచ్చగా ఉందమ్మా?"

నేను అప్పటిదాకా చూడలేదు. చలికాలం మొదలై పచ్చికంతా గోధుమ రంగుకి తిరుగుతోంది. బాత్రూమ్ గోడ దగ్గర మొదలై కర్పూరం చెట్టు వైపు ఒక చార మాత్రం నిండు పచ్చగా ఉంది. వెడల్పు మూరెడు కూడా లేదు. తాడు పరిచినట్టు తిన్నగా పోయింది.

"వాన పడిందా?"

"లేదు నాన్నా, పదిహేను రోజులైంది."

"అయితే కింద నీళ్ళు తగులుతున్నాయి. ఉత్త నీళ్ళు కూడా కావు, ఎరువు. అల్లుడుగారికి చెప్పు, అది చూడకుండా సంతకం పెట్టొద్దని."

తొమ్మిది వేల కిలోమీటర్ల అవతల, చేతిలో నీళ్ళ గొట్టంతో నిలబడ్డ మనిషికి కనిపించింది, దాని మీద నిలబడ్డ మాకు కనిపించలేదు.

ఏజెంట్ 7 లక్షల పైన ఆఫర్లు రావాలన్నాడు. మర్యాదస్తుడే, కానీ అతను అమ్మేవాళ్ళ మనిషి. కమిషన్ వాళ్ళిస్తారు. ఆ సంగతి ఒక్క క్షణం మర్చిపోయినా మన బడ్జెట్ ఎంతో మన నోటితోనే చెప్పేస్తాం. 7,12,000కి ఆఫర్ పెట్టాం. క్వీన్స్‌లాండ్‌లో ఆఫర్ అంటే నోటి మాట కాదు, నేరుగా కాంట్రాక్ట్ మీదే రాసి ఇస్తారు. అందుకని ముందే సొలిసిటర్‌ని పెట్టుకున్నాం. ఈ రాష్ట్రంలో ఈ పని సొలిసిటర్లే చేయాలి. సంతకం పెట్టే ముందు కాంట్రాక్ట్ ఆవిడకి పంపి, మామూలుగా ఉండే రెండు షరతులతో పాటు ఇంకోటి చేర్చమన్నాం. లోను రావాలన్నది ఒకటి, బిల్డింగ్ అండ్ పెస్ట్ తనిఖీ (ఇల్లు గట్టిగా ఉందా, చెదలున్నాయా అని చూసేది) తృప్తిగా ఉండాలన్నది రెండు, మురుగు పైపుల్లో కెమెరా పెట్టి చూసుకుంటామన్నది మూడు. మామూలు బిల్డింగ్ తనిఖీలో భూమి లోపలి పైపులు చూడరు. ఆ మూడో షరతు మా నాన్నగారిది.

జూన్ 6, శుక్రవారం రెండు వైపులా సంతకాలయ్యాయి. సాయంత్రం సొలిసిటర్ నుంచి మెయిల్. సోమవారం సాయంత్రం ఐదు గంటల లోపు ఇంటికి ఇన్సూరెన్స్ తీసుకోండి అని. నాకు అర్థం కాలేదు. ఇల్లు ఇంకా మాది కాదు, డబ్బు ఇవ్వలేదు, తాళాలు లేవు. ఫోన్ చేసి అడిగితే చెప్పింది. ఇక్కడి కాంట్రాక్ట్ ప్రకారం సంతకాలైన తర్వాతి పనిరోజు సాయంత్రం ఐదు నుంచి ఇంటికి ఏం జరిగినా నష్టం కొనేవాళ్ళదే. తగలబడినా మనమే, చెట్టు పడినా మనమే. ఆ వారాంతం అంతా కూర్చుని పాలసీలు చూసి సోమవారం మధ్యాహ్నం తీసుకున్నాం. కొనే ప్రతివాళ్ళకీ నేను ముందు చెప్పేది ఇదే.

తనిఖీ మరుసటి బుధవారం. ఇన్‌స్పెక్టర్‌ది అరవై దాటిన వయసు. మీరూ రావచ్చు అన్నాడు. సెలవు పెట్టి వెళ్ళాను. నర్సుని కదా, రిపోర్టు చదవడం కంటే రోగిని చూడ్డం నయం అనిపించింది. అతను ముందు నిచ్చెనేసి కప్పు మీదకి ఎక్కాడు. గట్టర్ల నిండా కర్పూరం ఆకులు, ఒక మూల తుప్పు. తర్వాత చూరు కింద రేకుల్లాంటి పలకలు చూపించి, వీటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, కదపనంతవరకు భయం లేదు, ఎప్పుడూ డ్రిల్లు మాత్రం పెట్టకండి అన్నాడు. 1990కి ముందు కట్టిన ఇళ్ళలో ఇది మామూలే. ఈ దేశంలో ఆస్బెస్టాస్ పూర్తిగా నిషేధించింది 2003 చివరి రోజున.

అసలు పని ఇంటి కింద. వెనకవైపు చిన్న చెక్క తలుపు తీసి లోపలికి పాకాడు. నన్ను చూసి పాత చొక్కా ఒకటి ఇచ్చాడు. నేనూ పాకాను. లోపల ఎర్రమట్టి, పొడిగా, పిండిలా ఉంది. టార్చి వెలుగులో వరసగా స్టంపులు. ప్రతి స్టంపు నెత్తిన ఒక రేకు టోపీ, అంచులు కిందకి వంచి ఉంది. దాన్ని యాంట్ క్యాప్ అంటారట. చెదలు స్టంపు లోపలి నుంచి నేరుగా పైన ఉన్న చెక్కలోకి ఎక్కకుండా ఆ రేకు అడ్డం. ఎక్కాలంటే బయటికొచ్చి, రేకు అంచు చుట్టూ మట్టితో గొట్టం కట్టుకుని ఎక్కాలి. అప్పుడు మన కంటికి దొరుకుతుంది. రేకు చెదల్ని చంపదు, దాక్కోనివ్వదు అంతే అన్నాడు.

అతను ఒక్కో స్టంపునీ స్క్రూడ్రైవర్ పిడితో కొట్టుకుంటూ పోయాడు. టక్, టక్, టక్. పద్నాలుగోదో పదిహేనోదో, బాత్రూమ్ కింద, కొడితే శబ్దం మారింది. మట్టి నింపిన కుండని కొట్టినట్టు మొద్దుగా ఉంది. స్క్రూడ్రైవర్ మొన గుచ్చితే వేలు పొడవు లోపలికి దిగింది. పుచ్చిపోయింది. దాని పక్కదాని మీద పాత చెద గొట్టం ఒకటి ఉంది. అతను కొంచెం విరిచి టార్చి పెట్టాడు. లోపల ఖాళీ, పొడి. ఎన్నడో వచ్చి పోయాయి, మందు కొట్టించారు అన్నాడు. చెమ్మ చూసే మీటరు గోడకి ఆనించుకుంటూ వెళ్ళి బాత్రూమ్ మూల ఆగాడు. అంకెలు ఎక్కాయి. మన గడ్డి చార మొదలయ్యేది ఆ మూలనే. ఇంటి కింద బోర్లా పడుకుని నేను మనసులో నాన్నగారితో మాట్లాడుతున్నాను.

శుక్రవారం ప్లంబర్ కెమెరా తెచ్చాడు. బాత్రూమ్ బయట మూత తీసి, పాములాంటి తీగ చివర లైటున్న కెమెరాని పైపులోకి వదిలాడు. స్క్రీన్ మీద చూస్తున్నాం. పాత కాల్చిన మట్టి పైపులు, మన పెంకుల రంగు. ఇవి ఒక్కో ముక్కా జోడించుకుంటూ వేసినవి. ఆ అతుకుల దగ్గరే వేళ్ళు దూరతాయి. నాలుగు మీటర్ల దగ్గర సన్నగా వెంట్రుకల్లా కనిపించాయి. ఆరు మీటర్ల దగ్గర ఇంకొంచెం. తొమ్మిది మీటర్ల దగ్గర కెమెరా ఆగిపోయింది. విప్పిన జడలా వేళ్ళు పైపు అంతా నిండిపోయి ఉన్నాయి, వాటి మధ్య నుంచి నీళ్ళు కొద్దికొద్దిగా జారుతున్నాయి. పైపు కింది భాగంలో పగులు. ఆ వీడియో నాన్నగారికి పంపాను. "పాపం, దాని దాహం అది తీర్చుకుంది" అన్నారు. చెట్టు మీద ఆయనకి కోపం రాలేదు. నాకూ రాలేదు.

తవ్వి కొత్త పైపు వేద్దామా అంటే చెట్టు వేళ్ళు నరకాలి. చెట్టు రోడ్డు పక్కన ఉంది, అంటే కౌన్సిల్‌ది, మన ఇష్టానికి కోయడానికి లేదు. ప్లంబర్ ఇంకో దారి చెప్పాడు. లోపలి వేళ్ళని నీటి ఒత్తిడితో కోసేసి, రెజిన్‌లో తడిపిన తొడుగు పైపు లోపలికి ఎక్కించి గట్టిపడనిస్తారు. పాత పైపు లోపల అతుకుల్లేని కొత్త పైపు తయారవుతుంది. తవ్వకం లేదు. పదకొండు మీటర్లకి 9,400 డాలర్ల కోట్ ఇచ్చాడు. స్టంపు, గట్టర్ పని కలిపి ఇంకో 3,200. మొత్తం 12,600.

ఆ కోట్లు, వీడియో, తనిఖీ రిపోర్టు జతచేసి సొలిసిటర్ అవతలి వాళ్ళ సొలిసిటర్‌కి రాసింది. ఇల్లు బాగాలేదు అని ఒక్క మాట లేదు అందులో. ఇది ఉంది, దీనికి ఇంత అవుతుంది, ఇంత తగ్గించండి, అంతే. రెండు రోజులు జవాబు లేదు. మా ఆయన వదిలేద్దాం, 7,12,000కే కానిద్దాం అన్నారు. ఇల్లు పోతుందేమోనని భయం. నాకూ భయమే. కానీ ఆ షరతు మన కోసమే ఉంది కదా, వాడుకోకపోతే ఎందుకు రాయించుకున్నట్టు? మూడో రోజు ఏజెంట్ ఫోన్. సరిగ్గా 7 లక్షలకి ఒప్పుకున్నారు. ఆ అంకె దగ్గర ఆగడంతో ట్రాన్స్‌ఫర్ డ్యూటీ కూడా సున్నా అయింది. 7,12,000 అయితే ఇంకో రెండు వేల రెండొందల పైచిలుకు కట్టాల్సి వచ్చేది.

అసలు టెన్షన్ లోను దగ్గర పడ్డాం. ప్రీ అప్రూవల్ ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నాం. అది లోను కాదు, మాట మాత్రమే. బ్యాంకు వాళ్ళు విలువ కట్టే మనిషిని పంపాలి, తర్వాత ఫైనల్ అప్రూవల్. మా ఫైనాన్స్ గడువు జూన్ 20. పద్దెనిమిదిన అడిగితే వాల్యుయేషన్ వేరే ఇంటి ఫైలుకి జతపడిందని తెలిసింది. ఇక్కడి కాంట్రాక్టుల్లో గడువు అంటే గడువే. ఆ రోజు సాయంత్రం ఐదు లోపు మనం ఏదో ఒకటి రాతపూర్వకంగా చెప్పకపోతే కాంట్రాక్ట్ రద్దు చేసుకునే హక్కు అమ్మేవాళ్ళకి వస్తుంది. సొలిసిటర్ మూడు పనిరోజుల పొడిగింపు అడిగింది. ఇరవయ్యో తారీఖు మధ్యాహ్నం మూడున్నరకి ఒప్పుకుంటూ మెయిల్ వచ్చింది. నేను డ్యూటీలో ఉన్నాను, మందుల ట్రాలీ పక్కన నిలబడి చదివాను. ఇరవై నాలుగున లోను వచ్చింది.

నాన్నగారి చివరి అనుమానం దస్తావేజుల గురించి. "లింకు డాక్యుమెంట్లు చూశారా? ఈసీ తీయించారా? ముప్పై ఏళ్ళ వెనక్కి చూడాలి" అన్నారు. ఆయన అడగడంలో తప్పు లేదు. మన దగ్గర రిజిస్ట్రేషన్ అయ్యాక కూడా ఎవరో ఒకరు వచ్చి ఇది మా తాతది అంటారు. ఇక్కడ పద్ధతి వేరు. టోరెన్స్ పద్ధతి అంటారు, క్వీన్స్‌లాండ్‌లో 1861 నుంచి ఉంది. ప్రభుత్వ రిజిస్టర్‌లో పేరు ఉంటే వాళ్ళే యజమాని, ఆ రిజిస్టరే సాక్ష్యం, వెనక ఎవరి దగ్గర కొన్నారో తవ్వుకోనక్కర్లేదు. 2019 అక్టోబర్ నుంచి పాత కాగితం టైటిళ్ళకి చట్టబద్ధమైన విలువ కూడా లేదు. ఒక్క పేజీ టైటిల్ సెర్చ్ ప్రింటు తీసి పంపాను. "ఇంతేనా? బీరువాలో పెట్టుకోడానికి ఏమీ ఇవ్వరా?" అన్నారు. దిగులుగానే అన్నారు. ఇల్లు కొన్న రోజు పసుపు రాసిన దస్తావేజు దేవుడి దగ్గర పెట్టడం ఆయనకి ముఖ్యం. ఆ ప్రింటుకే పసుపు రాసి పెట్టాను.

మేం కొన్న రెండు వారాలకే, 2025 ఆగస్టు 1 నుంచి, అమ్మేవాళ్ళు సంతకానికి ముందే ఆస్తి వివరాలు రాసి ఇవ్వాలని ఈ రాష్ట్రంలో కొత్త చట్టం వచ్చింది. మంచిదే. కానీ ఇల్లు గట్టిగా ఉందా, చెదలున్నాయా, వరదొచ్చిందా అన్నవి ఆ కాగితంలో ఉండవు. కాబట్టి ఇప్పుడు కొనేవాళ్ళు కూడా ఆ తనిఖీల డబ్బు మిగుల్చుకోవద్దని నా మనవి. మాకు బిల్డింగ్ అండ్ పెస్ట్‌కి 640, కెమెరాకి 330 అయింది.

జులై 18న సెటిల్‌మెంట్, అంటే డబ్బు ఇచ్చి ఇల్లు మా చేతికి తీసుకునే రోజు. ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు. బ్యాంకులు, సొలిసిటర్లు అంతా కంప్యూటర్‌లోనే. రెండున్నరకి అయిపోయిందని మెసేజ్ వచ్చింది. ఏజెంట్ ఆఫీసుకి వెళ్ళి తాళాలు తెచ్చుకున్నాం. ఆదివారం పొద్దున్న పాలు పొంగించాం. గదిగదికీ స్మోక్ అలారాలు, ఒకటి మోగితే అన్నీ మోగుతాయి. ఇక్కడ ఇల్లు అమ్మాలంటే అవి ఉండి తీరాలి. అందుకని హారతి వరండాలో ఇచ్చాం. మామిడాకులు బ్రిస్బేన్ నుంచి స్నేహితులు తెచ్చారు, ఈ చలికి మా ఊళ్ళో మామిడి చెట్లు తక్కువ. హారతి అయ్యాక పాప కిందకి పరుగెత్తి చెట్టు కింద ఆకు ఒకటి తెచ్చి పళ్ళెంలో పెట్టింది.

ఆగస్టు మొదటి వారంలో పైపు పని ఒక్క రోజులో అయింది. ఉదయం కోసిన వేళ్ళు నీళ్ళతో పాటు బయటికి వస్తుంటే బకెట్ల కొద్దీ ఎత్తారు. సాయంత్రం మళ్ళీ కెమెరా పెట్టి చూపించాడు. నున్నగా, ఒక్క అతుకు లేకుండా, చివరిదాకా. కర్పూరం చెట్టుకి ఆ నీళ్ళు ఆగిపోయాయని నేను వారానికొకసారి దాని మొదలు దగ్గర నీళ్ళు పెడుతున్నాను. అంత పెద్ద చెట్టుకి నా బకెట్టు ఏ మూలకి అని మా ఆయన అంటారు. అయినా పెడతాను.

ఆగస్టు చివర్లో ఒక పొద్దున్న మంచు పడింది. డ్యూటీకి వెళ్తూ పచ్చిక వైపు చూస్తే చార ఎక్కడుండేదో వెంటనే పోల్చుకోలేకపోయాను. అంతా ఒకే గోధుమ రంగు. ఫోటో తీసి నాన్నగారికి పంపాను. ఆయన అప్పటికింకా నిద్ర లేవలేదు. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు జవాబు వచ్చింది.

"ఆగిందమ్మా. వాన పడ్డాక మళ్ళీ ఒక ఫోటో పెట్టు."